ఒక ఇంటివాళ్ళు ఒకే కాగితం మీద

మొన్న ఆదివారం పొద్దున్న టీచరుగారి చెల్లెలు ఫోను చేశారు. "అక్క వెళ్ళిపోయిందమ్మా. నీకు ముందు చెప్పాలనిపించింది" అన్నారు. నేనుండేది మచిలీపట్నం. దొరికిన బస్సెక్కి గుడివాడ వెళ్ళేసరికి ఇంటిముందు షామియానా వేసేశారు. గుమ్మం దగ్గర ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడుకుంటున్నారు.

"పాపం, టైపు నేర్పే ఆవిడండీ. చాలా నెమ్మదస్తురాలు" అన్నారు ఒకాయన.

"అవునండీ. ఒకరి జోలికి వెళ్ళే మనిషి కాదు" అన్నారు రెండో ఆయన.

మర్నాడు పేపరు జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త వేశారు. అందులోనూ మృదుభాషి, నిగర్వి అనే ఉంది. పోయినవాళ్ళందరికీ మనవాళ్ళు ఒకే కొలతతో కుట్టిన చొక్కా తొడిగేస్తారు. మా టీచరుగారికి అది పట్టదు. ఆవిడ నెమ్మదస్తురాలు కాదు. ఒకరి జోలికి వెళ్ళకపోవటమేమిటి, దివిసీమలో ఒక మండలాఫీసు వరండాలో రెండు రోజులు బైఠాయించిన మనిషి. అదీ దేనికి? ఒక జాబితాలో ఒక పేజీ ఎక్కడ ఆగి రెండో పేజీ ఎక్కడ మొదలవ్వాలి అన్న సంగతి మీద. నవ్వొస్తే నవ్వుకోండి, కాని నవ్వటం అయ్యాక మిగతాది కూడా చదవండి.

గుడివాడ స్టేషను రోడ్డులో సైకిళ్ళ షాపు పైన ఆవిడ టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. తొంభైల మొదట్లో నేను డిగ్రీ తప్పి, మళ్ళీ కట్టి, ఖాళీగా ఉన్న రోజుల్లో పెదపారుపూడి నుంచి బస్సులో వచ్చి అక్కడ చేరాను. పన్నెండు మిషన్లు ఒక్కసారి మోగుతుంటే కింద షాపాయన బేరాలు సైగలతో చేసుకునేవాడు. టీచరుగారు మాకు వీపు పెట్టి కిటికీ దగ్గర కూర్చునేవారు. చూడాల్సిన పని లేదావిడకి. "మూడో మిషను, అక్కడ తప్పు పడింది. మళ్ళీ మొదలెట్టు" అనేవారు తల తిప్పకుండానే. జుట్టు ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిలు గుచ్చి ఉండేది. దాన్ని వెతుక్కుంటూ బల్లంతా తిరగేసేవారు. అది ముడిలో ఉందని చెప్పే ధైర్యం మాలో ఎవరికీ ఉండేది కాదు.

వచ్చినవాళ్ళని మొదట అడిగేది పేరు కాదు. "తినొచ్చావా?" అని. "ఆకలి చేతులు తప్పులు కొడతాయి" అనేవారు. తినలేదంటే తన బాక్సులోంచి పెరుగన్నం, మాగాయ ముక్క మూతలో పెట్టి ఇచ్చేవారు. మళ్ళీ అదే మనిషి, లైను చివర ఒక్క అక్షరం జారితే కాగితం మొత్తం మళ్ళీ కొట్టించేవారు. బతిమాలినా వినేవారు కాదు. నేను మెట్లు దిగుతూ ఆవిణ్ణి తిట్టుకున్న రోజులు చాలా ఉన్నాయి, ఇవాళ అవి దాచి పుణ్యం మూటగట్టుకోదలుచుకోలేదు.

ఆ తర్వాత ఊళ్ళోకి కంప్యూటర్లొచ్చాయి. రోడ్డుకి ఆ పక్కనే ఏసీ గది, అద్దాల తలుపులతో ఒక సెంటరు తెరిచారు. టైపుకి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఇక టీచరుగారు మిషన్లు కాటాకేసి అమ్ముకోవాల్సిందేనని అందరూ తేల్చేశారు. అప్పటికి ఆవిడకి యాభై నిండబోతున్నాయి. భర్త రైల్వేలో పనిచేస్తూ చాలా ఏళ్ళ కిందటే పోయారు. చర్చిలో తోటివాళ్ళు కూడా "ఈ వయసులో ఎందుకమ్మా, ప్రార్థన చేసుకుంటూ ఇంటిపట్టున ఉండండి" అన్నారట. "ప్రార్థన బస్సులో కూడా చెయ్యొచ్చు" అని చెప్పి ఆవిడ మూడు నెలలపాటు రోజూ విజయవాడ వెళ్ళి, ఇరవయ్యేళ్ళ పిల్లల పక్కన కూర్చుని కంప్యూటరు నేర్చుకున్నారు. మౌసు పట్టుకోవటం రాక బల్ల అంచుదాకా లాక్కుపోతే పిల్లలు నవ్వేవారట. ఆ సంగతి ఆవిడే మాకు చెప్పి, "నవ్వనీ. వాళ్ళ పళ్ళు లెక్కపెట్టటానికి వెళ్ళలేదుగా నేను" అన్నారు.

సగం మిషన్లు అమ్మి రెండు కంప్యూటర్లు, ఒక పెద్ద ప్రింటరు తెచ్చారు. రెండు పక్కలా చిల్లులుండి, మడతలు మడతలుగా ఆగకుండా వచ్చే కాగితం మీద కరకరమంటూ కొట్టేది అది. టైపు మిషన్ల మధ్య పెరిగిన మాకు ఆ చప్పుడు కొత్తగా ఏమీ అనిపించలేదు. నన్ను అక్కడే పనిలోకి తీసుకున్నారు.

విజయవాడలో ఆవిడ అన్నిటికన్నా ఇష్టపడి నేర్చుకున్నది రిపోర్టులు డిజైను చేసే సాఫ్ట్‌వేరు. కంప్యూటర్లో పేర్లు, నంబర్లు ఎన్నయినా ఉండొచ్చు. అవి కాగితం మీద ఏ వరుసలో, ఏ గుంపుగా, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో దాంట్లో మనమే గీసి చెప్పాలి. ఒక ఇంటి నంబరు, యజమాని పేరు పైన ఒక లైను. దాన్ని గ్రూపు హెడరు అంటారు. దాని కింద ఆ ఇంట్లో మనుషులు వరుసగా వస్తారు. అదంతా కలిపి ఒక గ్రూపు. వచ్చిన చిక్కల్లా పేజీ అడుగుకొచ్చేసరికి గ్రూపు ఇంకా పూర్తికాకపోతే ఏం చెయ్యాలి అన్నదగ్గరే. మనం ఏమీ చెప్పకపోతే కంప్యూటరు నిండినంతవరకు నింపి, మిగతావాళ్ళని రెండో పేజీ మీదకి తోసేస్తుంది.

మొదటిసారి నాకు ఆ పని ఇస్తే, ప్రతి గ్రూపు తర్వాత కొత్త పేజీ అని పెట్టాను. ఇద్దరున్న ఇంటికీ ఒక పేజీ, ఒక్క ముసలమ్మ ఉన్న ఇంటికీ ఒక పేజీ. పైగా చివర ఒక తెల్ల కాగితం ఊరికే బయటికొచ్చింది. టీచరుగారు ఆ కట్ట చేత్తో ఎత్తి చూసి, "ఇంటికో ఎకరం పంచావే! ఈ చివరి ఎకరం ఎవరికమ్మాయ్, నీకా?" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

తర్వాత కూర్చోబెట్టి చెప్పారు. "అవనిగడ్డ బస్సుకి ఒక కుటుంబం వచ్చింది. ఆరుగురు. బస్సులో నలుగురికే చోటుంది. నలుగుర్ని ఎక్కించి ఇద్దరు పిల్లల్ని రోడ్డు మీద వదిలేస్తావా? వదలవు. ఆరుగురూ తర్వాతి బస్సుకి వెళ్తారు. ఈ బస్సులో నాలుగు సీట్లు ఖాళీగా పోతే పోతాయి." అంటూ 'కీప్ గ్రూప్ టుగెదర్', అంటే గుంపుని విడదీయకు, అన్న చోట టిక్కు పెట్టించారు. ఏ బస్సూ పట్టనంత పెద్ద కుటుంబమైతే ఎలా అని అడిగాను. "అప్పుడు రెండో బస్సు ఎక్కినవాళ్ళ చేతిలో కూడా ఇంటి చీటీ ఉండాలి" అని, ప్రతి పేజీ మీద హెడరు మళ్ళీ వచ్చేలా రెండో టిక్కు పెట్టించారు. ఈ రెండు టిక్కులూ నాకు ఇవాళ్టికీ కళ్ళు మూసుకుంటే కనిపిస్తాయి. ఎందుకో చెప్తాను.

దివిసీమలో ఒక మండలానికి రేషను కార్డుల కోసం కుటుంబాల జాబితాలు తయారుచేసే పని, మచిలీపట్నంలో ఒక కాంట్రాక్టరు తీసుకున్నాడు. అందులో కొన్ని ఊళ్ళు మా ఇన్‌స్టిట్యూట్‌కి ఇచ్చాడు. పేర్లు ఎక్కించాం. మొదటి ఊరు ప్రింటు తీయాల్సిన రోజుకి టీచరుగారు టైపు పరీక్షల డ్యూటీ మీద మచిలీపట్నం వెళ్ళారు. కాంట్రాక్టరు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నాలుగు పేజీలు వచ్చేసరికి, "అమ్మాయ్, అడుగున ఈ ఖాళీలేంటి? మాటిమాటికీ ఇంత కాగితం వదిలేస్తారా? దగ్గర దగ్గరగా రాదా?" అన్నాడు.

వస్తుందని నాకు తెలుసు. ఎలా వస్తుందో కూడా తెలుసని అతనికి చూపించాలనిపించింది. రెండు టిక్కులూ తీసేశాను. పేర్లు సందు లేకుండా దిగాయి. కట్ట సన్నబడింది. "చురుకైన పిల్లవమ్మా నువ్వు" అని అతనంటే నాకు చెవులు వేడెక్కాయి, అంత సంబరం. టీచరుగారు తిరిగొచ్చాక జాబితా వెళ్ళిపోయిందని మాత్రమే చెప్పాను.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం మెట్ల మీద చాలా కాళ్ళ చప్పుడయింది. ఒకావిడ, అయిదుగురు పిల్లలు. చంటిది చంకలో, మిగతావాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఉన్నారు. చల్లపల్లిలో ఒక బస్సు, పామర్రులో ఒక బస్సు మారి వచ్చారట.

"పేర్లెక్కించే కంప్యూటరు ఇక్కడేనా అండీ?" అంది.

"ఇక్కడేనమ్మా, చెప్పండి" అన్నారు టీచరుగారు.

"మా పిల్లలు కంప్యూటర్లో లేరంటున్నారండీ మండలాఫీసులో. ఆయనా, నేనూ, మా అత్తా ముగ్గురమే ఉన్నామంట. ముగ్గురికే కార్డిస్తామంటున్నారు. బియ్యం ముగ్గురికే వస్తాయంట. పెద్దదాన్ని హాస్టల్లో చేర్పిద్దామంటే కార్డులో పేరుండాలంట. ఇదిగోండి, అయిదుగురినీ తీసుకొచ్చాను. ఒకసారి చూపించండి దానికి."

ఎదురుగా కంప్యూటరు తెర ముందు పిల్లల్ని ఎత్తుల ప్రకారం నిలబెట్టింది. నాకు నవ్వు రాబోయింది. టీచరుగారి మొహం చూసి ఆగిపోయాను. ఆవిడ కుర్చీ జరుపుకుని, "నిలబెట్టండి, బాగా కనిపిస్తారు" అని, ఊరి పేరు, ఇంటి నంబరు అడిగి కంప్యూటర్లో వెతికారు. ఎనిమిది పేర్లూ ఉన్నాయి. ఆవిడకి తెర మీద ఒక్కో పేరూ వేలితో చూపించి చదివారు. పేరు వినబడ్డ పిల్లలు ఒక్కొక్కరే తలెత్తారు.

"ఉన్నారుగా అమ్మా! మరెందుకు లేరంటున్నారు?" అని తనలో తను అనుకుని, మా దగ్గరున్న నకలు కట్ట తెమ్మన్నారు. తెచ్చాను. ఆ ఇంటి నంబరున్న పేజీ తీసి పెట్టాను. ఆ ఇల్లు ఒక పేజీ అట్టడుగున మొదలయింది. ముగ్గురి పేర్లతో పేజీ అయిపోయింది. అయిదుగురు పిల్లలు తర్వాతి పేజీ నెత్తిమీద ఉన్నారు. పైన ఇంటి నంబరు లేదు, తండ్రి పేరు లేదు. టీచరుగారు ఆ రెండు పేజీలు మార్చి మార్చి చూశారు. నావైపు మాత్రం చూడలేదు. ముడిలోంచి పెన్సిలు తీసి మళ్ళీ ముడిలోనే పెట్టుకున్నారు.

"ఇవాళ్టికి వీళ్ళని తినిపించి బస్సెక్కించు. రేపు మనం వెళ్దాం" అన్నారు.

మర్నాడు మండలాఫీసులో అసలు సంగతి బయటపడింది. అలా జరుగుతుందని మా ఇద్దరిలో ఎవరమూ ఊహించలేదు. మేము పంపించింది ఒక కట్ట. వాళ్ళు దాన్ని కట్టగా చదవలేదు. మడతల దగ్గర చింపి, కాగితానికి ఒకరు చొప్పున బడి మాస్టార్లకి పంచారు. ఎవరి కాగితం వాళ్ళు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి సరిచూడాలి. మొదటి కాగితం మాస్టారు ఆవిడ ఇంటికి వెళ్ళి ముగ్గురికి టిక్కు పెట్టారు. మా పిల్లల పేర్లేవండీ అని ఆవిడ అడిగితే, "పక్క కాగితంలో ఉంటారులే అమ్మా, ఆ మాస్టారు చూసుకుంటారు" అన్నారు. పక్క కాగితం మాస్టారికేమో నెత్తిమీద అయిదు పేర్లున్నాయి, ఏ ఇంటివో లేదు. ఏ ఇంటికి వెళ్ళి అడగాలి? ఎర్ర సిరాతో కొట్టేసి 'ఇంటి నంబరు లేదు' అని రాశారు. ఆయన్ని తిట్టటానికి కూడా నాకు నోరు రాలేదు. ఆయన చూసిన కాగితం ప్రకారం ఆయన చేసింది సరైనదే.

టీచరుగారు ఊరి కాగితాలన్నీ బల్ల మీద పరిపించారు. చాలావాటి నెత్తిమీద ఎర్ర గీతలున్నాయి. ఒకచోట ఇద్దరు, ఒకచోట నలుగురు, ఒకచోట ఒక్క ముసలాయన. ఆ పేర్లన్నీ నేను తగ్గించిన కాగితం లెక్కలోనే పోయాయి.

ఆఫీసరుగారు మర్యాదస్తుడే. "కంప్యూటరు తప్పు మేడమ్, ఏం చేస్తాం? జాబితా ఫైనలైపోయింది. వాళ్ళని మళ్ళీ దరఖాస్తు పెట్టుకోమనండి. విచారించి చూస్తాం" అన్నారు.

"కంప్యూటరు తప్పు కాదండీ. దానికేం తెలుసు? తప్పు నాది. మేము కుటుంబాన్ని విడగొట్టి పంపాం, మీరు కాగితాలు విడగొట్టి పంచారు. వాళ్ళు దరఖాస్తు పెట్టటమెందుకు? పొరపాటు చేసింది మనం కదా. సరిగ్గా ప్రింటు తీసి నేనే తెస్తాను."

నేను నోరు తెరవబోయాను. బల్ల కింద నా చెయ్యి గట్టిగా నొక్కారు.

తిరుగు బస్సులో పామర్రు దాటాక ఏడుస్తూ చెప్పేశాను, టిక్కులు తీసింది నేనేనని. "తెలుసు. ఆ రోజు నేను ఊళ్ళో లేనుగా. నువ్వు కాకపోతే ఇంకెవరు తీస్తారు, సైకిలు షాపాయనా?" అన్నారు. నేనే వచ్చి ఆఫీసరుకి చెప్తానన్నాను. "బోర్డు మీద ఎవరి పేరుంది? నాది. బోర్డు మీద పేరున్నవాళ్ళే తప్పు మొయ్యాలి. నువ్వు ఏడుపు మానేసి ఆ రెండు టిక్కులూ మళ్ళీ పెట్టు" అన్నారు. కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

మరో రెండు రోజులకి ఊరు మొత్తం మళ్ళీ ప్రింటు తీశాం. ఈ సంగతి తెలిసి కాంట్రాక్టరు పరుగెత్తుకొచ్చాడు.

"టీచరుగారూ, మీరు ఆ పుట్ట కదపకండి. కొట్టేసింది మాస్టార్లు. మీరు కొత్త జాబితా పట్టుకెళ్తే తప్పు మాదేనని ఒప్పుకున్నట్టవుద్ది. మిగతా ఊళ్ళన్నీ ఇంకొకళ్ళకి ఇచ్చుకుంటాను, ఆలోచించుకోండి."

"ఇచ్చుకోండి. వాళ్ళకైనా చెప్పండి, అడుగున ఆ ఖాళీ వదలమని" అన్నారు టీచరుగారు, కాగితం మడతలు సరిచేసుకుంటూ. అతను ఇచ్చుకున్నాడు. ఆ పని మళ్ళీ మాకు రాలేదు. ఆవిడ దాని గురించి ఒక్కనాడూ విచారించటం నేను చూడలేదు.

కొత్త కాగితాల కట్టని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కారు. తుంపర పడుతోంది. కండక్టరు, "బరువు కదమ్మా, పైన పెట్టించనా?" అన్నాడు. "వద్దు నాయనా, మనుషులున్నారు ఇందులో" అన్నారు. అతను ఆవిణ్ణీ నన్నూ ఒకసారి చూసి, టిక్కెట్లు కొట్టాడు.

ఆఫీసరుగారు తీసుకోనన్నారు. ఫైనలైన జాబితా మీద ఇంకో జాబితా ఎలా తీసుకుంటారట. టీచరుగారు వరండాలో బల్ల మీద కూర్చున్నారు. తీసుకునేదాకా కదలనన్నారు. ఆ రోజు ఆయన జీపెక్కి ఏదో ఊరు వెళ్ళిపోయారు. సాయంత్రం ఆఫీసు తలుపులు వేసేదాకా ఉండి, ఆ ఊళ్ళోనే తెలిసిన పాస్టరుగారింట్లో పడుకుని, పొద్దున్నే మళ్ళీ అదే బల్ల మీద మేము ప్రత్యక్షం.

రెండో రోజు పిల్లల తల్లి వచ్చింది. ఆవిడ ఒక్కతే కాదు, ఎర్ర గీతల కింద పడ్డ ఇళ్ళవాళ్ళందర్నీ వెంటబెట్టుకొచ్చింది. వరండా నిండిపోయింది. అటెండరు అందర్నీ బయటికి వెళ్ళమన్నాడు. టీచరుగారు లేచి నిలబడి, సంచి విప్పి, జాబితా చదవటం మొదలుపెట్టారు. క్లాసులో డిక్టేషను చెప్పే గొంతు అది, పన్నెండు మిషన్ల చప్పుడుని దాటి వినబడే గొంతు. ఇంటి నంబరు, యజమాని పేరు, తర్వాత ఒక్కొక్క మనిషీ. పేరు చదవగానే జనంలోంచి "ఉన్నానండీ" అని వినిపించేది. చంటిపిల్లలకి తల్లులు "ఉన్నాడండీ", "ఉందండీ" అని పలికేవారు. ఒక ముసలాయన తన పేరు వినబడలేదనుకుని రెండుసార్లు పలికాడు. లోపల క్లర్కులు పని ఆపి కిటికీల దగ్గరికి వచ్చారు. బడి మాస్టారు ఒకాయన తన ఎర్ర సిరా పెన్ను జేబులోంచి తీసి సంచిలో వేసుకోవటం నేను చూశాను.

ఆఫీసరుగారు బయటికొచ్చారు. "ఏంటి మేడమ్ ఇది? ఇది ఆఫీసు."

"అవునండీ, ఆఫీసే. అందుకే ఒక్కటి అడుగుతున్నాను. మీ పాత కాగితం ఇదిగో. ఈ పిల్లలు ఇదిగో. ఈ అయిదుగురూ లేరని దీనిమీద మీ చేత్తో రాసి సంతకం పెట్టండి. నేను వెళ్ళిపోతాను. మళ్ళీ రాను."

పెన్సిలు ఆయన చేతికి అందించారు. ఆయన కాగితాన్ని చూశారు, పిల్లల్ని చూశారు. చంటిది తల్లి చంకలోంచి వంగి ఆ పెన్సిలు లాక్కోబోయింది. ఆయన పెన్సిలు వెనక్కిచ్చేసి, "కట్ట లోపల పెట్టించండి" అని అటెండరుతో చెప్పి లోపలికి వెళ్ళిపోయారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొడితే ఆయన మళ్ళీ మనసు మార్చుకుంటారేమోనని భయం.

ఆ తర్వాత మా ఇన్‌స్టిట్యూట్‌లో ఒక కొత్త పద్ధతి వచ్చింది. ఏ రిపోర్టు తీసినా ముందు మడతల దగ్గర చింపి, కాగితాలు నేలమీద కలగాపులగంగా వేయించేవారు. కళ్ళు మూసుకుని ఒకటి తీయమనేవారు. ఆ ఒక్క కాగితం చూసి, ఇది ఎవరిది, ఏ ఇంటిది, ఏ క్లాసుది అని చెప్పగలగాలి. చెప్పలేకపోతే డిజైను మళ్ళీ మొదలు. "మనం కట్టగా ఇస్తాం. లోకం చింపుకుంటుంది. చింపేవాడి చెయ్యి చూసుకుని గీయాలి" అనేవారు. బడి మార్కుల జాబితాలకైనా, చర్చి సభ్యుల పట్టీకైనా అదే పరీక్ష. విసుక్కుని మానేసి అద్దాల తలుపుల సెంటరుకి వెళ్ళినవాళ్ళున్నారు. వెళ్ళనిచ్చారు.

ఆ తర్వాత ఏడాదికి నాకు పెళ్ళయి మచిలీపట్నం వచ్చేశాను. ఇప్పటికీ నేను చేసేది రిపోర్టుల పనే. పైవాళ్ళు మారినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి, అడుగున ఆ ఖాళీ ఎందుకు, నింపెయ్యొచ్చుగా అంటారు. నేను నింపను. కారణం అడిగితే చెప్తాను. చెప్పినా వినకపోతే, ఆ టిక్కులు వాళ్ళ చేత్తోనే తీసుకోమంటాను. ఇంతవరకు ఎవరూ తీయలేదు. మంచిదాన్నని పేరు తెచ్చుకునే వయసు కూడా దాటిపోయింది.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక, టీచరుగారి పెట్టె సమాధుల తోటకి తీసుకెళ్ళే ముందు, గోడ వారగా కూర్చున్న ఒకావిడ నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చింది. జుట్టు సగం నెరిసింది. పక్కన తనకన్నా పొడుగు పిల్ల ఉంది. మళ్ళీ అవే రెండు బస్సులు మారి వచ్చారు. ఆవిడ చీర కొంగులో మూటగట్టిన ఒక పాత రేషను కార్డు విప్పింది. అది చెల్లే రోజులు ఎప్పుడో అయిపోయాయి, కొత్త కార్డులు వచ్చేశాయి. మడతల దగ్గర నలిగి గుడ్డలా అయిపోయింది.

"అప్పట్లో ఇది రాగానే తెచ్చి టీచరుగారికి చూపించానమ్మా. నువ్వు లేవు. ఎంతసేపు నవ్వారనుకున్నావు" అంది.

విప్పి చూశాను. కార్డులో మనుషుల పేర్లకి అచ్చేసిన గళ్ళు ఏడే ఉన్నాయి. వీళ్ళు ఎనిమిది మంది. రాసిన గుమస్తా ఎవరో, ఎనిమిదో పేరు దగ్గరికొచ్చేసరికి చోటు లేక, అచ్చు గీత దాటించి, అంచు మీద ఏటవాలుగా, చిన్న చిన్న అక్షరాలతో రాసేశాడు. ఎవరూ అది చెల్లదనకుండా దానిమీద ఆఫీసు గుండ్రటి ముద్ర కొట్టారు. ముద్ర సగం గళ్ళ లోపల, సగం బయట పడింది. అన్ని పేర్లలోకీ ఆ పేరొక్కటే ఇంకా చెక్కుచెదరకుండా ఉంది.

ఆ పేరు ఈ పొడుగు పిల్లదే. అప్పుడు చంకలో ఉన్నది. ఇప్పుడు పదో తరగతి. ఒకప్పుడు ఆ పేరు నా చేత్తోనే ఎక్కించి, నా చేత్తోనే తెంపాను. అయినా, నీ పేరేంటమ్మా అని అడిగాను.

ఆ గదిలో అందరూ గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. ఆ పిల్ల మాత్రం పెట్టెవైపు తిరిగి, ఇంటిపేరుతో సహా, గట్టిగా చెప్పింది.